పల్లపు చేలో ఎనిమిది ఖరీఫ్‌లు: ఇంప్రూవ్డ్ సాంబ మసూరి

మాకున్న పల్లపు చేను రెండెకరాలు. అక్టోబరులో తుఫాను పట్టుకుంటే నీళ్లు నాలుగు రోజులైనా దిగవు. అందులో బీపీటీ 5204 (మామూలు సాంబ మసూరి) వేసినన్నాళ్లూ పైరు పొట్టకొచ్చిందంటే నాకు టెన్షన్ మొదలయ్యేది. గాలివాన తగ్గిన వారానికి ఆకు కొసలు పాలిపోయి, అంచుల వెంట అలలు అలలుగా పసుపు కిందికి దిగేది. తెల్లారి వెళ్తే ఆకుల మీద జిగురు బొట్లు కనిపించేవి. ఎండెక్కాక అవే గసగసాల్లా గట్టిపడేవి. అనుమానంగా ఉన్న ఆకును కోసి గాజు గ్లాసులో నీళ్లు పోసి నిలబెడితే, కోసిన చోట నుంచి పాలపొగలా తెల్లగా దిగుతుంది. అదే బాక్టీరియా ఎండాకు తెగులు. ఇక చేయగలిగింది యూరియా ఆపడం, నీళ్లు తీసేయడం, అంతే. నేను కొట్టిన మందులకు డబ్బు పోయింది గానీ తెగులు ఆగలేదు.

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వేశాక, కల్తీ విత్తనం తగిలిన ఒక్క ఏడు తప్ప, ఆ చేలో ఆ తెగులు నన్ను ఏడిపించలేదు. ఒక ఏడు తుఫాను తర్వాత గట్టు అవతల చేను ఎండుగడ్డి రంగుకు తిరిగితే, ఇవతల నాది పచ్చగా నిలబడింది. పక్క చేను అబ్బాయి వచ్చి "బాబాయ్, ఏం కొట్టావు?" అని అడిగాడు. ఏమీ కొట్టలేదంటే నమ్మలేదు. కొట్టాల్సింది విత్తనంలోనే ఉంది.

హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి చేసిన ఈ రకం 2008లో విడుదలైంది. జీఎం (జన్యుమార్పిడి) విత్తనమేమోనని చాలామంది అనుమానపడతారు, కాదు. తెగులును తట్టుకునే వరితో సాంబను సంకరం చేశారు. ప్రతి తరంలోనూ డీఎన్ఏ మార్కర్లతో (జన్యువు చేరిందో లేదో చెప్పే గుర్తులతో) కావలసిన మొక్కలను ఏరుకుని, మళ్లీ మళ్లీ సాంబతోనే కలిపారు. అలా మూడు జన్యువులు చేరాయి. ఎక్స్‌ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. బాక్టీరియా ఆకులోకి దిగగానే పసిగట్టి మొక్కను అప్రమత్తం చేస్తుంది. ఎక్స్‌ఏ13 పని నాకు మరీ నచ్చింది. మామూలు మొక్కలో బాక్టీరియా ఒక మీట నొక్కి చక్కెరను తనవైపు కార్పించుకుంటుంది, ఇందులో ఆ మీట దానికి పలకదు. మూడోది ఎక్స్‌ఏ5. ఎక్స్‌ఏ21 ఒక్కటే ఉంటే దాన్ని దాటగల బాక్టీరియా రకాలు ఉన్నాయి. మూడింటినీ ఒకేసారి దాటడం దానికి చాలా కష్టం.

అయితే ఎక్స్‌ఏ21 బలం మొక్క ముదిరే కొద్దీ వస్తుంది. అందుకే లేత నారును నేను ఇప్పటికీ జాగ్రత్తగానే చూస్తాను. నాటేటప్పుడు కొసలు తుంచనివ్వను, తుంచిన ప్రతి కొసా బాక్టీరియాకు తలుపే.

ఇది తట్టుకునేది ఈ ఒక్క తెగులునే. అగ్గి తెగులుకు, పాముపొడకు, దోమపోటుకు ఇదీ మామూలు సాంబే. ఐదో ఏడు, ఎలాగూ తెగులు రాదు కదా అని యూరియా ఒక దఫా ఎక్కువ వేశాను. పైరు కమ్ముకుని చేను నడిమధ్య సుడిదోమ దిగింది. గుండ్రంగా కాలిపోయినట్టు మచ్చలు పడ్డాయి. ఆ తప్పు నాది, విత్తనానిది కాదు.

గింజ అదే సన్నగింజ. కొనేవాడు అరచేతిలో నలిపి, ఊక ఊది చూసి, ఎప్పుడూ సాంబ ధరే కట్టాడు. అన్నంలో నాకైతే తేడా తెలియలేదు.

నా ఫిర్యాదంతా దొరికే విత్తనం మీదే. మూడో ఏడు ఒక దుకాణంలో కొన్న సంచి కల్తీ. ఒక దుబ్బు పచ్చగా, పక్క దుబ్బు కొసల నుంచి మొదలు దాకా ఎండిపోయి, చేనంతా చారలు చారలుగా తయారైంది. సంచి మీద పేరు మాత్రం ఇదే! హైబ్రిడ్ కాదు కాబట్టి అప్పటి నుంచి విత్తనం నేనే కట్టుకుంటున్నాను. నడిమి మడిని విత్తనానికి వదిలి, ఈనిన దగ్గర్నుంచి మూడు సార్లు కేళీలు (వేరే రకం మొక్కలు) పీకిస్తాను. ఆ మడిలోకి కోత మిషన్‌ను దింపను. వేరే చేల గింజలు దాని కడుపులో మిగిలే ఉంటాయి. కూలి ఎక్కువైనా చేత్తోనే కోయించి, విడిగా కొట్టించి, కొత్త గోనెల్లోనే పోయిస్తాను.