ఎలీట్ డేంజరస్: వెలుతురు వెంట గ్రహాల వేట

అంతరిక్షం గేముల్లో గ్రహాలు తిరిగి ఫొటోలు తీయాలనుకునేవాళ్ళకు ముందుగా వినిపించే పేర్లు నో మ్యాన్స్ స్కై, ఎలీట్ డేంజరస్. నేను రెండూ ఆడాను. మొదటిదాంట్లో ఫొటో మోడ్ తెరిస్తే సూర్యుణ్ణి కావాల్సిన చోటికి జరుపుకోవచ్చు, మబ్బులు పెంచుకోవచ్చు, ఫిల్టర్లు వేసుకోవచ్చు. ఎలీట్‌లో ఆ సౌకర్యాలేవీ లేవు. కొన్నేళ్ళుగా నేను ఎలీట్‌నే ఆడుతూ ఉండటానికి కారణం కూడా అదే.

ఈ గేము 2014 డిసెంబరులో వచ్చింది. దాదాపు 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలతో మన పాలపుంతను అసలు కొలతల్లోనే కట్టారు. శాస్త్రజ్ఞుల జాబితాల్లో ఉన్న నక్షత్రాలు చాలావరకు వాటి చోట్లలోనే ఉంటాయి. మిగతావాటిని భౌతికశాస్త్ర సూత్రాలను బట్టి గేమే పుట్టిస్తుంది. గ్రహాలు నక్షత్రాల చుట్టూ, ఉపగ్రహాలు గ్రహాల చుట్టూ, అన్నీ తమ చుట్టూ తాము నిజంగానే తిరుగుతుంటాయి. మీరు దిగిన చోట రాత్రయితే రాత్రే. తెల్లవారాలంటే ఆ గ్రహం తిరగాలి, లేదంటే మీరే షిప్‌ ఎక్కి పగలున్న వైపుకి వెళ్ళాలి. కెమెరా మీ చేతిలో ఉంటుంది కానీ వెలుతురు మీ చేతిలో ఉండదు. అందుకే ఇక్కడ తీసిన ఫొటోలో తీసినవాళ్ళ ఓపిక, లెక్క రెండూ కనిపిస్తాయి.

లెక్క అని ఎందుకన్నానంటే, మంచి ఫొటో సిస్టమ్ మ్యాప్‌లోనే మొదలవుతుంది. కొత్త వ్యవస్థలోకి జంప్‌ చేయగానే డిస్కవరీ స్కానర్‌తో ఒకసారి హాంక్ కొడతాం, అంటే చుట్టూ ఏమేం ఉన్నాయో ఒక్క సంకేతంతో వెతుకుతాం. తర్వాత, 2018 డిసెంబరు అప్‌డేట్‌లో వచ్చిన స్కానర్‌తో రేడియోలో స్టేషన్ పట్టినట్టు ఒక్కో గ్రహాన్నీ పట్టుకుంటాం. చాలామంది విలువైన గ్రహాల డేటా తీసుకుని అక్కణ్ణుంచి వెళ్ళిపోతారు. నేను మాత్రం చిన్న ఉపగ్రహాల వివరాలన్నీ తెరిచి చూస్తాను. కక్ష్య ఎంత దగ్గరగా ఉంది? గ్రహం చుట్టూ ఉన్న వలయాల తలానికి ఆ కక్ష్య ఎంత వంపులో ఉంది? ఒకే ముఖం ఎప్పుడూ గ్రహం వైపే ఉంటుందా?

ఈ మూడో ప్రశ్నకు జవాబు అవునైతే పండగే. అలాంటి ఉపగ్రహం మీద నిలబడితే, దాని గ్రహం ఆకాశంలో ఒకే చోట కదలకుండా ఉంటుంది. కదిలేది నక్షత్రమే. దాంతో అదే చోట నిలబడి ఆ గ్రహం నెలవంక అవడం, సగం వెలగడం, నిండుగా మారడం వరసగా చూడొచ్చు. గ్రహం నక్షత్రం చుట్టూ తిరిగే తలానికి ఉపగ్రహం కక్ష్య వంపు తక్కువగా ఉంటే నక్షత్రం సరిగ్గా గ్రహం వెనక్కి వెళ్ళి గ్రహణం కూడా పడుతుంది. కక్ష్య వలయాల తలంలోనే ఉంటే వలయాలు సన్నటి గీతలా మాత్రమే కనిపిస్తాయి. కాస్త వంపు ఉంటేనే అవి విచ్చుకుంటాయి. ఇవన్నీ ఎవరూ నేర్పకుండా, ఫొటోల కోసం తిరుగుతూ నేను నేర్చుకున్నవి. కక్ష్యల గురించి స్కూల్లో చదివిందంతా నాకు ఇక్కడే అర్థమైంది.

వీటిని చూడటానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. సూర్యుడికి 12 కాంతి సంవత్సరాల లోపే ఉన్న ఎప్సిలాన్ ఇండీ వ్యవస్థలో మిటరాండ్ హాలో అనే ఉపగ్రహం ఉంది. అది న్యూ ఆఫ్రికా అనే గ్రహాన్ని ఎంత వేగంగా చుట్టేస్తుందంటే, ఆ కదలిక మామూలు కంటికే తెలుస్తుంది. కొత్తగా ఆడేవాళ్ళు ముందు అక్కడికి వెళ్ళమని చెబుతాను.

దూరం సంగతికొస్తే, పాలపుంత నడిబొడ్డున ఉన్న సజిటేరియస్ ఎ స్టార్ అనే నల్లబిలం సూర్యుడి నుంచి దాదాపు 25,900 కాంతి సంవత్సరాలు. గెలాక్సీ అవతలి అంచున ఉన్న బీగల్ పాయింట్ దాదాపు 65,000. న్యూట్రాన్ నక్షత్రాలు చిమ్మే జెట్‌లోంచి దూరి వెళితే ఒక్క జంప్‌ దూరం నాలుగింతలవుతుంది. దారి తొందరగా తరుగుతుంది కానీ షిప్‌ దెబ్బతింటుంది. షిప్‌ పేలిపోతే అప్పటిదాకా అమ్మని అన్వేషణ డేటా మొత్తం పోతుంది. తిరుగు ప్రయాణంలో ఉండే ఆ టెన్షన్ మామూలుది కాదు. ప్రతిఫలంగా, మొదట కనిపెట్టిన గ్రహం మీద మీ పేరు ఉండిపోతుంది. ఇన్నేళ్ళలో ఆటగాళ్ళంతా కలిసి చూసింది గెలాక్సీలో ఒక శాతం కూడా లేదు కాబట్టి ఆ అవకాశం ఇంకా అందరికీ ఉంది.

2015 డిసెంబరులో వచ్చిన అదనపు భాగం హొరైజన్స్‌తో గాలి లేని గ్రహాల మీద దిగడం మొదలైంది. 2021 మేలో వచ్చిన మరో భాగం ఒడిస్సీతో పలుచని వాతావరణం ఉన్న గ్రహాల మీద కాలినడకన తిరగడం కుదిరింది. ఫొటోలకు ఇదే పెద్ద మలుపు. అంతకుముందు ఆకాశం ఎప్పుడూ నల్లగానే ఉండేది. ఇప్పుడు వాతావరణంలోని వాయువును బట్టి, నక్షత్రం రంగును బట్టి ఉదయాలు గులాబీగా, నీలంగా మారతాయి. నక్షత్రం దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు తీయండి. నీడలు సాగి నేల మీద ఎత్తుపల్లాలన్నీ లేచి కనిపిస్తాయి. నడినెత్తిన ఉన్నప్పుడు తీస్తే ఎంత గొప్ప లోయైనా చప్పగా వస్తుంది.

నచ్చనివి కూడా చెప్పాలి. ఒడిస్సీ తర్వాత నేల రూపురేఖల్లో ఒకే రకం కొండలు మళ్ళీమళ్ళీ ఎదురవుతాయి. చాలా గ్రహాలు తిరిగిన కళ్ళకు అది ఇట్టే తెలిసిపోతుంది. భూమిలాంటి గ్రహాల మీద దిగనివ్వరు. సముద్రాలు, అడవులు పైనుంచి చూసి సరిపెట్టుకోవాల్సిందే. నల్లబిలాల చుట్టూ పళ్ళెంలా తిరుగుతూ వెలిగే వాయువులు ఉండవు, వెనకాల నక్షత్రాల వెలుతురు వంగడం మాత్రం అద్భుతంగా చూపించారు. కెమెరా షిప్‌ నుంచి కొంత దూరమే వెళ్తుంది. మీటలు లెక్కలేనన్ని, అలవాటు పడటానికి టైమ్ పడుతుంది. ఒంటరిగా ఆడినా ఇంటర్నెట్ ఉండాల్సిందే.

పది నిమిషాలకో సంఘటన జరగాలనుకునేవాళ్ళకు ఇది పట్టదు. గ్రహాల మీద ప్రేమ ఉన్నవాళ్ళకు మాత్రం దీనికి సాటి వచ్చేది నాకు ఇంకోటి కనిపించలేదు. కొనేటట్టయితే పీసీలోనే కొనండి. ఒడిస్సీ కన్సోళ్ళకు రాలేదు, 2022 మార్చిలో ఆ ప్రయత్నమే ఆపేశారు. ఫొటో తీసే ముందు ఒంటరిగా ఆడే సోలో మోడ్‌లోకి మారండి. ఆల్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే పెద్ద రిజల్యూషన్‌లో బొమ్మ వచ్చేది అందులోనే. ఆ ఫైళ్ళు బాగా బరువుంటాయి కాబట్టి డిస్క్‌లో ఖాళీ ఉంచుకోండి.