తోర్తియా ప్రెస్ కొనాలా? జొన్నరొట్టె తట్టే ఇంట్లో దానికి పనేముంది

కర్నూలు, అనంతపురం, కడప... ఏ ఊళ్లో స్టీలు సామాన్ల అంగడికి వెళ్లినా తోర్తియా ప్రెస్ అంటే తెల్లమొహం వేస్తారు. తోర్తియా అంటే మెక్సికోలో రోజూ తినే పలచటి రొట్టె, ఎక్కువగా మొక్కజొన్నతో చేస్తారు. పూరీ ప్రెస్ అంటే వెంటనే అటక మీంచి తీసిస్తారు. పని చేసే తీరు చూస్తే రెండూ ఒకటే. కింద ఒక పళ్లెం, పైన ఒక పళ్లెం, వెనక మడత బందు, ముందు పిడి. మధ్యలో పిండి ఉండ పెట్టి పిడి నొక్కితే గుండ్రంగా పరుచుకుంటుంది. పాకెట్ల మీద టోర్టిల్లా అని రాస్తారుగానీ మెక్సికోలో పలికేది తోర్తియా అనే.

ముందే చెప్పేస్తే, పిల్లలతో కలిసి నెలకు రెండు మూడుసార్లయినా మొక్కజొన్న తోర్తియాలు చేస్తామనుకుంటే కొనండి. చపాతీలకూ జొన్నరొట్టెలకూ పనికొస్తుందని మాత్రం కొనొద్దు.

జొన్నరొట్టె సంగతి ముందు తేల్చేద్దాం, మన దగ్గర అందరూ అడిగేది అదే. జొన్నపిండిని ప్రెస్‌లో నొక్కితే పరుచుకుంటుంది, కాదనను. కానీ అంచులు పగుళ్లిస్తాయి, కవరు మీద నుంచి తీసేటప్పుడు ముక్కలవుతుంది. చేత్తో తట్టేటప్పుడు తడి చేత్తో ఆ పగుళ్లను ఎప్పటికప్పుడు మూస్తుంటాం. ప్రెస్‌కు ఆ తెలివి లేదు. పైగా ప్రెస్ పళ్లెంలో పట్టే 16 సెంటీమీటర్ల రొట్టె ఎవరికి సరిపోతుంది? మైదా, గోధుమపిండిది ఇంకో ఇబ్బంది. వాటిలో సాగే గుణం ఉంటుంది కాబట్టి నొక్కి వదిలితే మళ్లీ ముడుచుకుంటాయి. పూరీ చిన్నది, కాస్త మందంగా ఉన్నా నూనెలో పొంగుతుంది, అందుకే దానికి చెల్లుతుంది. మెక్సికో ఉత్తరాన సోనోరా వైపు గోధుమపిండి తోర్తియాలే తింటారు. అవి మన చపాతీల్లా కర్రతో ఒత్తుకునేవి, వాటికి ప్రెస్ అక్కర్లేదు.

ఇక ఏ రకం కొనాలి? చెక్కది వద్దు. పట్టు బాగుంటుందిగానీ తడి పీల్చి ఏడాది తిరక్కుండానే వంకర తిరుగుతుంది. స్టీలు పూరీ ప్రెస్ పిల్లలున్న ఇంటికి సరైనది. తేలిక, తుప్పు పట్టదు, ఐదేళ్ల పాప కూడా పైపళ్లెం ఎత్తగలదు. పోత ఇనుముది రెండు కిలోలకు పైనే ఉంటుంది, ధర రెండు మూడింతలు. దాని బరువే సగం పని చేసిపెడుతుంది, తోర్తియా బాగా పలచగా వస్తుంది. కానీ పైపళ్లెం జారి వేళ్ల మీద పడితే చిన్న దెబ్బ కాదు. పదేళ్లు దాటిన పిల్లలైతేనే అది.

అంగట్లోనే ఒక పరీక్ష చేయండి. కరెంటు బిల్లు కాగితమో, బస్సు టికెట్టో ఏదైనా సరే, పళ్లేల మధ్య పెట్టి మూసి పిడి నొక్కి పట్టుకుని లాగండి. బందు దగ్గరా, పిడి దగ్గరా, రెండు పక్కలా నాలుగు చోట్ల చూడండి. ఒకచోట గట్టిగా పట్టి, ఇంకోచోట సులువుగా జారొస్తే పళ్లేలు సమంగా కూర్చోలేదన్నమాట. అలాంటిదాంట్లో తోర్తియా ఒకవైపు అప్పడం, ఇంకోవైపు అట్టు. స్టీలువాటిలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. బందు మేకు వదులుగా ఉండి పైపళ్లెం పక్కలకు ఊగినా తీసుకోవద్దు. పళ్లెం అడ్డంగా 16 సెంటీమీటర్లకు తక్కువ ఉండకూడదు.

ప్రెస్ ఎంత మంచిదైనా పిండి సరిగా లేకపోతే లాభం లేదు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కార్న్ ఫ్లోర్ అని తెల్లగా అమ్మేది ఒట్టి గంజిపొడి, దాంతో జిగురు తప్ప ఇంకేమీ రాదు. పచ్చగా ఉండే మామూలు మొక్కజొన్న పిండిని జొన్నపిండికి చేసినట్టే మరిగే నీళ్లు పోసి కలిపితే రొట్టె వస్తుంది. కానీ మడత పెట్టగానే నడిమికి విరుగుతుంది. తోర్తియా మడిచినా విరగకుండా ఉండటానికి కారణం సున్నం. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిస్తే పొట్టు వదులుతుంది, పిండికి పట్టు వస్తుంది. ఈ పద్ధతి పేరు నిక్స్టమలైజేషన్, మెక్సికోలో వేల ఏళ్లుగా ఉన్నదే. మొక్కజొన్నలో ఒంటికి పట్టకుండా ఉండిపోయే నియాసిన్ అనే విటమిన్ కూడా ఈ సున్నంతోనే విడుదలవుతుంది.

ఇలా సున్నంలో ఉడికించి ఎండబెట్టి ఆడించిన పిండి మాసా హరీనా పేరుతో ఆన్‌లైన్లో దొరుకుతుంది. 120 గ్రాముల పిండికి 170 నుంచి 180 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, చిటికెడు ఉప్పు, కలిపి తడిగుడ్డ కప్పి 20 నిమిషాలు వదిలేయడం. పని అంతే. మొదటిసారి చేసేవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి.

గింజల నుంచే చేద్దామనుకుంటే అదీ కష్టమేమీ కాదు, మొక్కజొన్న పండే జిల్లాలే మనవి. అరకిలో ఎండు గింజలు, 5 గ్రాముల తినే పొడి సున్నం, లీటరున్నర నీళ్లు. తాంబూలానికి వాడే తడి సున్నమైతే 10 గ్రాములు. తెల్లదే తీసుకోండి, రంగూ వాసనా కలిపింది వద్దు, గోడలకు వేసే సున్నం అసలే వద్దు. విత్తనాల కోసం అమ్మే గింజలకు మందు పట్టించి ఉంటారు, వాటి జోలికి పోవద్దు. స్టీలు గిన్నెలోనే ఉడికించాలి, సిల్వర్ (అల్యూమినియం) గిన్నెను సున్నం తినేస్తుంది. సన్నని మంట మీద 40 నిమిషాల తర్వాత ఒక గింజ తీసి వేళ్లతో నలపండి. పొట్టు జారిపోవాలి, కొరికితే నడుమ కాస్త పలుకు ఉండాలి. మన గింజలు గట్టివి కాబట్టి ఇంకో పావుగంట పట్టొచ్చు. దించి రాత్రంతా వదిలేసి, పొద్దున పచ్చటి నీళ్లు పారబోసి, మూడు నాలుగుసార్లు రుద్ది కడగండి. సున్నంతో ఉన్నంతసేపూ ఇది పెద్దవాళ్ల పనే, పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు. కళ్లలో పడితే ప్రమాదం.

రుబ్బడంలో ఒక చిక్కుంది. గ్రైండర్ రాయి తిరగాలంటే నీళ్లు కావాలి, నీళ్లు పోస్తే అది ఇడ్లీ పిండి అయి కూర్చుంటుంది. మిక్సీ చిన్న జారులో గుప్పెడు గుప్పెడు వేసి, రెండు మూడు చెంచాల నీళ్లతో ఆపి ఆపి తిప్పండి. అయినా పలచబడితే మామూలు మొక్కజొన్న పిండి యాభై గ్రాముల వరకు కలిపి సరిచేసుకోవచ్చు. అరకిలో గింజలకు 30 గ్రాముల ఉండలు ముప్పై దాకా వస్తాయి.

పిండి కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? నిమ్మకాయంత ఉండ చేసి అరచేతిలో నొక్కండి. అంచు బీటలిస్తే నీళ్లు చాలలేదు, ఒక చెంచా కలపండి. అరచేతికి అంటుకుంటే ఎక్కువయ్యాయి. ఈ పరీక్ష పిల్లలకు అప్పజెప్పండి. రెండోసారికే పెద్దవాళ్లకంటే కచ్చితంగా చెబుతారు, ఎందుకంటే వాళ్లకు అది మట్టితో ఆడుకున్నట్టే.

ప్రెస్‌కు కవరు లేకుండా పని జరగదు. భక్ష్యాలు తట్టే పాలకవరే దీనికీ మేలు. కడిగి, కత్తిరించి, లోపలివైపు పిండికి తగిలేలా రెండు ముక్కలు వేయండి. పల్చటి క్యారీబ్యాగు ముడతలు పడి ఆ గీతలన్నీ తోర్తియా మీద అచ్చవుతాయి. బేకింగ్ పేపరు తడి పిండికి అతుక్కుపోతుంది.

ఉండను పళ్లెం సరిగ్గా మధ్యలో పెట్టకుండా బందువైపు ఒక వేలెడు జరిపి పెట్టాలి. నొక్కినప్పుడు పిండి పిడివైపు జరుగుతుంది కాబట్టి అప్పుడే గుండ్రంగా వస్తుంది. ఒకసారి మెల్లగా నొక్కి తెరిచి, కవరుతో పాటు సగం చుట్టు తిప్పి మళ్లీ నొక్కితే రెండువైపులా ఒకే మందం. ఉత్సాహం కొద్దీ పిల్లలు పిడి మీద వేలాడతారు, అప్పుడు తోర్తియా కాగితమై కవరుకు అంటుకుంటుంది. సుమారు 14 సెంటీమీటర్ల వెడల్పు వస్తే ఆపేయాలి. నొక్కేవాళ్ల రెండు చేతులూ పిడి మీదే ఉండాలని ముందే నియమం పెట్టండి. రెండో చేయి బందు దగ్గరుంటే చర్మం నలుగుతుంది. ఈ స్టీలు ప్రెస్‌లలో బందుకు అడ్డం అంటూ ఏమీ ఉండదు, ఇది కచ్చితంగా మార్కులు తగ్గించాల్సిన లోపం.

తీసేటప్పుడు తోర్తియా నుంచి కవరును లాగాలిగానీ కవరు నుంచి తోర్తియాను లాగకూడదు. పై కవరు తీసి, తోర్తియాను అరచేతిలోకి బోర్లించి, రెండోది ఒలవాలి. ఏడెనిమిదేళ్ల పిల్లలు దీన్ని బాగా చేస్తారు.

పెనం ఇనుపదే, బాగా కాలాలి, నూనె వద్దు. మొదటి వైపు 20 సెకన్లు, తిప్పి ఒక నిమిషం, మళ్లీ తిప్పి 20 సెకన్లు. ఆ చివరి మలుపులో గుడ్డతో మెల్లగా అదిమితే పుల్కాలా పొంగుతుంది. పొంగలేదంటే పెనం చల్లగా ఉందనో, పిండి పొడిబారిందనో అర్థం. దించినవాటిని దించినట్టే తినొద్దు. గుడ్డలో చుట్టి హాట్ బాక్సులో పది నిమిషాలు ఉంచితే ఆవిరికి మెత్తబడతాయి. ఈ పది నిమిషాలు ఓపిక పట్టనివాళ్లే, ‘మాకు విరిగిపోయాయి’ అంటుంటారు.

తోర్తియాను మడిచి లోపల కూర పెట్టుకుంటే అదే టాకో. లోపల పెట్టడానికి పావుకిలో రాజ్మా రాత్రి నానబోసి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్లో ఆరేడు కూతలు. అరకొరగా ఉడికిన రాజ్మా కడుపును పాడుచేస్తుంది, నొక్కితే వెన్నలా నలగాలి. రెండు చెంచాల నూనెలో ఉల్లిపాయ, మూడు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా జీలకర్రపొడి వేయించి, రాజ్మా వేసి పప్పుగుత్తితో ఎనపండి. దాని మీద చిదిమిన పనీరు. అక్కడి కేసో ఫ్రెస్కో అనే చీజ్‌కు అది దగ్గరే. కారానికి బ్యాడిగి మిరప పొడి అర చెంచా చాలు. గుంటూరు కారం వేస్తే పిల్లలు నీళ్ల చెంబు పట్టుకుని కూర్చుంటారు. పాకెట్లో వచ్చే టాకో మసాలా కొననే అక్కర్లేదు.

టాకోలో వేసుకునే సల్సా గురించి మాత్రం కాస్త ఆగాలి. నాలుగు టమాటాలు, సగం ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు పెనం మీద నూనె లేకుండా నల్లమచ్చలు వచ్చేదాకా కాల్చాలి. ముందు ఉప్పు, వెల్లుల్లి, మిరపకాయ, తర్వాత మిగతావి రోట్లో కచ్చాపచ్చాగా నూరాలి. అక్కడ దీన్ని మోల్కహేతే అనే నల్లరాతి రోట్లోనే నూరతారు. మిక్సీలో వేస్తే గాలి కలిసి గులాబీరంగు నురగ అవుతుంది. కొత్తిమీర, అర చెక్క నిమ్మరసం కలపడంతో ఆపేయండి. చెయ్యి ఊరుకోక తాలింపు పెట్టారో, అది మన టమాటా పచ్చడి అయిపోతుంది. బాగానే ఉంటుంది, కాకపోతే సల్సా కాదు. అన్నట్టు, ఎండుమిరప, వెల్లుల్లి, వేరుశనగలు నూనెలో వేయించి చేసే సల్సా మాచా అని వెరాక్రూజ్ వైపు ఒకటుంది. అనంతపురంవాళ్లు రుచి చూస్తే తమ ఊరిబిండి పచ్చడికి చుట్టమేనంటారు. అది పెద్దవాళ్ల పళ్లేల్లోకే.

వాడాక స్టీలు ప్రెస్‌ను తడిగుడ్డతో తుడిస్తే చాలు. బందు సందులో ఎండిన పిండిని పాత టూత్ బ్రష్‌తో తీసేయండి. లేకపోతే రెండు మూడు వాడకాలకే పైపళ్లెం పూర్తిగా మూసుకోదు, అప్పుడు అంగడివాడితో గొడవ పెట్టుకుని లాభం లేదు. ఇనుపదాన్ని నానబెట్టకుండా తుడిచి, ఆరబెట్టి, చుక్క నూనె రాసి పెట్టుకోవాలి.