హిల్స్‌బరోలో పాత ఇంటి బీరు, చౌక మోటల్ బిల్లు

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరో. ఇంటెల్ పుణ్యమా అని అక్కడ మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లల దగ్గరికో, తోబుట్టువుల దగ్గరికో అక్కడికి వెళ్లేవారికి నేను చెప్పేది రెండు ముక్కలు. కార్నీలియస్ పాస్ రోడ్డు మీద మెక్‌మెనమిన్స్ అనే కంపెనీ వారి రోడ్‌హౌస్ ఉంది, పాత ఇంటి ఆవరణలో పెట్టిన బీరు పబ్బు, భోజనశాల. బీరు ముట్టనివారైనా సరే, వెళ్లండి. హైవే పక్కన చౌక మోటల్ కనబడితే మాత్రం జేబు మీద చెయ్యి తీయకండి.

ముందు మోటల్ సంగతి తేల్చేస్తాను, ఆ మంట ఇంకా చల్లారలేదు. అక్కడ ఉండేది మా మరదలు, తోడల్లుడు. అతని అమ్మానాన్నలు కూడా అప్పటికే వచ్చి ఉన్నారు. మామగారికి మనవడి గది ఇచ్చారు, నేనూ మా ఆవిడా దగ్గర్లో గది తీసుకున్నాం. ఆన్‌లైన్‌లో చూపించిన అద్దె రాత్రికి 94 డాలర్లు. కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి "సౌకర్యాల రుసుము" అంటూ 12, కారు నిలపడానికి 10, పన్నులు 15. మొత్తం 131 అయింది. ఆ సౌకర్యాలు ఏమిటని అడిగితే వైఫై, ఉదయం ఫలహారం అన్నారు. ఫలహారం అంటే ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన మఫిన్, రంగు తప్ప రుచి లేని కాఫీ. వీటికి తోడు 150 డాలర్లు డిపాజిట్ కింద కార్డులో పట్టి ఉంచారు.

అసలు కథ డిపాజిట్ దగ్గరే. మరదలు స్టీలు క్యారియర్‌లో అన్నం, ముద్దపప్పు, ఇంగువ పోపుతో పులుసు పెట్టి పంపింది. గదిలో మైక్రోవేవ్ ఉంది, వాళ్లే పెట్టారు. అందులో వేడి చేసుకుని తిన్నాం. ఖాళీ చేశాక డిపాజిట్‌లో 75 డాలర్లు కోసేశారు. కారణం "తీవ్రమైన వాసన తొలగింపు". మేము దిగిన రోజే ఆ గది తివాచీ పాత సిగరెట్ల కంపు కొడుతోంది, దాని తాలూకు డబ్బు ఎవరి దగ్గర వసూలు చేశారో మరి. ఫోను చేస్తే మేనేజరు "అది మా నిబంధన" అని పెట్టేశాడు. మా ఆవిడకు డబ్బు పోయిందన్న బాధ కన్నా, చెల్లెలి వంటను దుర్వాసన అన్నారన్న కోపం ఎక్కువ. రెండు రోజులు ఆ మేనేజరును తిట్టుకుంటూనే గడిపింది. ఆ రెండు రోజుల్లోనే మల్ట్నోమా జలపాతం, కేనన్ బీచ్ చూశాం. రెండూ బాగున్నాయి.

రోడ్‌హౌస్‌కు వెళ్దామన్నది తోడల్లుడు. మామగారు ససేమిరా అన్నారు. "నేను వచ్చింది మనవణ్ణి చూడడానికి అల్లుడుగారూ, సారా దుకాణాలు చూడడానికి కాదు." ఆయన వ్యవసాయ శాఖలో చేసి రిటైరయిన మనిషి, మందు వాసన అంటేనే గిట్టదు. కారులోనే కూర్చుంటానన్న షరతు మీద బయలుదేరారు.

కారు దిగకుండా ఉండలేకపోయారు. హైవే 26 దాటిన వెంటనే పెద్ద చెట్ల మధ్య తెల్లటి చెక్క ఇల్లు, వెనకాల ఎనిమిది మూలల కొట్టం, పాత గాదె. ఇది ఒకప్పటి ఇంబ్రీ కుటుంబపు వ్యవసాయ క్షేత్రం. ఇంటిని 1866లో రాబర్ట్ ఇంబ్రీ ఇటాలియన్ విల్లా తరహాలో కట్టించాడు. గాదె అంతకంటే పాతది. 1977లో ఈ స్థలాన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. మామగారు తిన్నగా కొట్టం వైపు నడిచారు. ఎనిమిది మూలలు ఎందుకు, గడ్డి ఎక్కడ వేసేవారు, పశువులు ఎటు నుంచి లోపలికి వచ్చేవి అని వరుసగా ప్రశ్నలు. ఇప్పుడు అందులో పెళ్లిళ్లు, విందులు జరుగుతాయని చెబితే "పశువులు పోయి పెళ్లివారు వచ్చారన్నమాట" అన్నారు. ఇంకో కొట్టంలో మద్యం కాచే డిస్టిలరీ ఉందని మాత్రం నేను చెప్పలేదు. బోర్డు ఆయనే చదువుకున్నారు. ఏమీ అనలేదు.

1986లో ఈ చోటు మైక్, బ్రయన్ మెక్‌మెనమిన్ అనే అన్నదమ్ముల చేతికి వచ్చింది. అంతకు ముందు ఏడాది దాకా ఓరెగాన్ చట్టం ప్రకారం బీరు తయారు చేసినచోటే గ్లాసులో పోసి అమ్మడం కుదిరేది కాదు. 1985లో చట్టం మారింది. ఆ వెంటనే పోర్ట్‌లాండ్‌లోని హిల్స్‌డేల్‌లో రాష్ట్రపు మొదటి బ్రూపబ్ తెరిచింది ఈ అన్నదమ్ములే. తరువాత పాత కట్టడాలను వెతికి పట్టుకుని బాగు చేయించడం వాళ్లకు అలవాటయింది. 1915 నాటి కెన్నెడీ స్కూలును హోటల్‌గా మార్చారు, తరగతి గదుల్లోనే పడకలు, నల్లబల్లలు అలాగే ఉంచారు. హైదరాబాదులో మనం కూల్చుకున్న దేవిడీలు గుర్తొచ్చి కాస్త కడుపు మండింది.

మేము కూర్చున్నది ఇంటి పక్కనే కట్టిన ఇంబ్రీ హాలులో. పోర్ట్‌లాండ్‌లో హెన్రీ వైన్‌హార్డ్ బ్రూవరీ అని పేరు మోసినది ఒకటి ఉండేది, 1999లో మూతపడింది. ఆ కట్టడం దూలాలు, స్తంభాలు తెచ్చి ఈ హాలు కట్టారు. తల ఎత్తితే ఒక్కో దూలం మనిషి నడుమంత లావు. లోపల వెలుతురు తక్కువ, మెనూ చదవడానికి నాకు ఫోను వెలుగు కావలసి వచ్చింది. మాట వినబడనంత సంగీతం లేదు, నా దృష్టిలో అదే సగం సుఖం.

వడ్డించే అమ్మాయి ముందు వయసు రుజువు అడిగింది. మా ఆవిడను కూడా! నలభై నాలుగేళ్ల మనిషి ముఖం వెలిగిపోయింది, మోటల్ మేనేజరు ఆ క్షణంలోనే మాఫీ అయిపోయాడు. మన దేశపు డ్రైవింగ్ లైసెన్సు చెల్లదు, పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి. పిల్లలతో వెళ్లవచ్చు, భోజనం దగ్గర కూర్చోనిస్తారు. మా తోడల్లుడి కొడుక్కి రంగు పెన్సిళ్లు కూడా ఇచ్చారు.

బీరు విషయానికి వస్తే, ముందు చిన్న గ్లాసుల ట్రే తీసుకోండి, 14 డాలర్లు. నచ్చినది తేలాక పింట్, అంటే పెద్ద గ్లాసు, చెప్పుకోవచ్చు. రూబీ అనేది రాస్ప్‌బెర్రీలు వేసిన బీరు, తేలిక. బీరు నచ్చనివారికి నచ్చుతుంది, మా మరదలికి నచ్చింది. టర్మినేటర్ స్టౌట్ నల్లగా, మాడ్చిన గింజల చేదుతో ఉంటుంది, చలికాలానికి సరిపోతుందేమో. నా ఓటు హామర్‌హెడ్‌కు. రాగి రంగు, మాల్టు (మొలకెత్తించిన బార్లీ) బరువు, చివరలో బీరుకు చేదు కోసం వేసే హాప్స్ రుచి. పింట్ 7.50.

ఆ హాప్స్ దగ్గరే మామగారు దొరికిపోయారు. అది పువ్వా, కాయా, ఎక్కడ పండుతుంది అని ఆ అమ్మాయిని అడిగారు. నేను తర్జుమా చేశాను. ఆమె లోపలికి వెళ్లి చిన్న గిన్నెలో హాప్స్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. వేళ్లతో నలిపి వాసన చూశారు. పంపరపనస తొక్క వాసన. హామర్‌హెడ్‌లో వాడే కాస్కేడ్ రకాన్ని ఇదే రాష్ట్రంలోని కార్వాలిస్‌లో వ్యవసాయ పరిశోధకులు అభివృద్ధి చేసి 1972లో విడుదల చేశారని తోడల్లుడు చెప్పాడు. మామగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. తీగ జాతా, ఎకరానికి ఎంత దిగుబడి, తెగులు ఏమిటి? ఆ తరువాత గంటన్నర ఆయన్ను లేపడం మా వల్ల కాలేదు. తాగింది మాత్రం కాఫీ. అది కూడా వాళ్లే వేయించుకునే గింజలతో చేసింది, బాగుందని రెండోసారి పోయించుకున్నారు.

తిండిలో కేజన్ టాట్స్ తప్పనిసరి. తురిమిన బంగాళాదుంపను చిన్న ఉండలుగా వేయించి కారం మసాలా చల్లుతారు, మన పునుగుల్లా ఒకటి తింటే పది తింటాం. 9.50 డాలర్లు. బర్గర్లు 18.50 చొప్పున రెండు, చేపలు, బంగాళాదుంప వేపుడు కలిపి 21. బర్గర్ పరవాలేదు, దాని కోసం అంత దూరం వెళ్లనక్కరలేదు. వీటికి మూడు పింట్లు, ట్రే, కాఫీ కూడా కలిపితే మొత్తం 107.75 అయింది. ఓరెగాన్‌లో అమ్మకపు పన్ను లేదు, మెనూలో చూసిందే బిల్లులో ఉంటుంది. టిప్పు ఇరవై శాతం, 21.55. కాఫీకి ఎంత పడిందో మామగారు బిల్లు తీసుకుని చూసుకున్నారు, 3.75. రూపాయల్లోకి మార్చవద్దని కూతుళ్లిద్దరూ ఒకేసారి అరిచారు.

పనిదినాల్లో మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు వెళ్లండి, తోటంతా తీరికగా తిరగవచ్చు. మ్యాక్స్ రైలులో ఓరెంకో స్టేషను దాకా వచ్చినా అక్కడి నుంచి క్యాబ్ కావాలి. తాగేవారు కారు నడపకండి. తిరిగి వచ్చేటప్పుడు కారు నడిపింది మరదలు, చిన్న గ్లాసులో రెండు గుక్కల రూబీ తప్ప ఆమె ఏమీ ముట్టలేదు.

మోటల్ విషయం నేను వదల్లేదు. తప్పనిసరి రుసుములన్నీ ముందే కలిపి అద్దె చూపించాలని అమెరికా కేంద్ర ప్రభుత్వపు నియమం 2025 మే నుంచి అమల్లో ఉంది, ప్రభుత్వ పన్నులు మాత్రం విడిగా చూపవచ్చు. ఆ నియమం పేరు రాసి, బుకింగ్ పేజీ ఫోటో జతచేసి మెయిల్ పెట్టాను. సౌకర్యాల రుసుము మొత్తం వెనక్కి వచ్చింది. పులుసు తాలూకు 75 డాలర్ల మీద బ్యాంకులో ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.