బిడ్డ పోయాక బెంగళూరులో తోడు ఎక్కడ? పుట్టిల్లు, కౌన్సెలర్, సపోర్ట్ గ్రూప్, వాట్సాప్ - ఏది మేలు?

కడుపులోనే బిడ్డ పోయినా, పుట్టి నాలుగు రోజులుండి పోయినా, బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళకి ముందుగా కనిపించే దారులు నాలుగు. పుట్టింటికి వెళ్ళిపోవడం, కౌన్సెలర్‌ని కలవడం, ఇలాంటి బాధే పడ్డవాళ్ళు నెలకోసారి కూర్చుని మాట్లాడుకునే సపోర్ట్ గ్రూప్‌కి వెళ్ళడం, వాట్సాప్ గ్రూప్‌లో చేరడం. మా పాప ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. ఆ తర్వాత నేను ఈ నాలుగూ చూశాను. ఇప్పుడు ఒక చిన్న గ్రూప్‌లో కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన కూర్చుంటున్నాను. వాళ్ళందరూ అడిగేది ఒకటే, ఏది మేలని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి నెలన్నర గ్రూప్ జోలికి వెళ్ళకండి, నమ్మకమైన ఒక్క మనిషి చాలు. ఆ తర్వాత మాత్రం మనుషులు ఎదురెదురుగా కూర్చునే గ్రూప్‌ని మించింది లేదు.

ఇది నా అనుభవం మీద చెబుతున్న మాటే. ఈ విషయంలో జరిగిన పరిశోధనలను జల్లెడ పట్టి, కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ 2013లో ఒక సమీక్ష వేసింది. ఏ రకం సాయం ఎక్కువ మేలు చేస్తుందో తేల్చి చెప్పగలిగే ప్రయోగాలే దొరకలేదని అందులో రాశారు. దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు. బిడ్డ పోయిన తల్లుల్ని లాటరీ తీసి, సగం మందికి సాయం చేసి మిగతా సగాన్ని ఊరికే వదిలేస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? అందుకే మా పద్ధతే గొప్పదని ఎవరైనా గట్టిగా చెబితే వెంటనే నమ్మేయకండి.

పుట్టిల్లు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు కోపం. ఒళ్ళోకి బిడ్డ రాకపోయినా ఆమె బాలింతే. కుట్లు ఉంటాయి, రక్తం పోతుంది, నెలలు ముదిరాక పోయిన బిడ్డయితే మూడో నాలుగో రోజుకి పాలు కూడా పడతాయి. ఈ పాల సంగతి చెప్పకుండానే డిశ్చార్జ్ చేసి పంపేస్తారు చాలాసార్లు. ఇంటికొచ్చాక జాకెట్టు తడిసిపోతుంటే ఏం చేయాలో తెలియక బాత్రూంలో నిలబడి ఏడ్చిన ఆడవాళ్ళు మా గ్రూప్‌లోనే ఎంతమందో. అమ్మ దగ్గరుంటే అడగకుండానే పొడిబట్ట అందిస్తుంది, వేణ్ణీళ్ళు పెడుతుంది, పథ్యం వండుతుంది. ఈ పని ఏ కౌన్సెలరూ చేయలేదు. అనంతపురం, మదనపల్లె, చిత్తూరు వైపు వాళ్ళకైతే బెంగళూరు నుంచి పుట్టిల్లు నాలుగైదు గంటల దూరమే.

చిక్కు మరోచోట ఉంది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. చూడ్డానికి వచ్చినవాళ్ళని అమ్మ గుమ్మం దగ్గరే ఆపి, 'ఆ ఊసెత్తకండి, మళ్ళీ ఏడుస్తుంది' అంటుంది. 'చిన్న వయసే కదమ్మా, ఏడాది తిరక్కుండా ఎత్తుకుంటావు' అంటారు వచ్చినవాళ్ళు. ప్రేమతోనే అంటారు. మన వైపు చాలా కుటుంబాల్లో పసిబిడ్డలకు దహనం ఉండదు, పూడ్చిపెడతారు. పదోరోజు, పెద్దకర్మ లాంటివీ చేయరు. పెద్దవాళ్ళు పోతే పదిరోజుల పాటు ఇల్లు చుట్టాలతో నిండిపోతుంది, పోయినవాళ్ళ గురించి చెప్పుకుని చెప్పుకుని ఏడుస్తారు. పసిబిడ్డ పోతే అదేమీ ఉండదు. తల్లికి ఆఖరి చూపు కూడా దక్కనివ్వని ఇళ్ళున్నాయి. సపోర్ట్ గ్రూప్ అవసరం ఇక్కడే పుట్టిందని నా నమ్మకం.

అయినా పెద్దవాళ్ళలో ఒక్కరు నోరు విప్పితే పుట్టింటికి సాటి లేదు. మా అమ్మమ్మ ఒకరాత్రి నా మంచం పట్టె మీద కూర్చుని, వక్క నములుతూ, తనకి పుట్టి పోయిన రెండో పిల్లాడి గురించి చెప్పింది. మా అమ్మకి కూడా అంతవరకూ తెలియదు. 'వాడి చెవితమ్మెలు ఎంత మెత్తగా ఉండేవో' అంటూ తన చెవి పట్టుకుని చూపించింది. ఆ రాత్రి నాకు కలిగిన ధైర్యం ఆ తర్వాత ఎక్కడా దొరకలేదు. అలాంటి అమ్మమ్మ అందరి ఇళ్ళలో ఉండదు, ఉన్నా మాట్లాడకపోవచ్చు.

పుట్టింటికి వెళ్తే ఇంకో నష్టం, భర్త ఒంటరైపోతాడు. అందరూ ఆమె చుట్టూ ఉంటారు. బిడ్డను గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, ఒక ఫ్రెండ్ కారు నడుపుతుంటే శ్మశానానికి తీసుకెళ్ళినవాడు అతనే. తర్వాతి వారం మారతహళ్ళి ఫ్లాట్‌లో ఒక్కడే ఉంటూ ఆఫీసు కాల్స్ తీసుకుంటుంటాడు. 'మీ ఆవిడ ఎలా ఉంది?' అని అందరూ అడుగుతారు. 'నువ్వెలా ఉన్నావ్?' అని అడిగేవాళ్ళుండరు.

కౌన్సెలర్ విషయానికొస్తే, మొదటి వారాలకి ఇదే సరైనది. ఆ రోజుల్లో ఇంకొకరి బిడ్డ కథ వినే శక్తి మనకుండదు. నిద్ర లేదు, స్కాన్ రూమ్‌లో డాక్టర్ మొహం మాటిమాటికీ కళ్ళముందు తిరుగుతుంది, నేనే ఏదో చేశానన్న అనుమానం తొలిచేస్తుంటుంది. ఒక్కరే కూర్చుని మన మాట మాత్రమే వినడం అప్పుడు కావాలి. ప్రైవేటులో చాలాచోట్ల గంటకి వెయ్యి రూపాయలు దాటుతుంది, తెలుగు వచ్చినవాళ్ళు కావాలని ముందే అడగాలి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అనే ప్రభుత్వ మానసిక, నరాల ఆసుపత్రిలో గర్భిణులు, బాలింతల మానసిక ఆరోగ్యం కోసం ప్రత్యేక విభాగం ఉంది. ఖర్చు తక్కువే గానీ పొద్దున్నే వెళ్ళి చాలాసేపు కూర్చోవాలి. కదలలేని స్థితిలో ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ పేరుతో కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఏది మేలన్న ప్రశ్నే లేదు. చచ్చిపోవాలనిపిస్తున్నా, తిండీ నీళ్ళూ మానేసినా, లేని ఏడుపు వినిపిస్తున్నా నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. అలాంటప్పుడు గ్రూప్ సరిపోదు. అలాగే ఆరు నెలలు దాటినా రోజువారీ పనులు కూడా సాగనంతగా దుఃఖం పట్టి ఉంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా కూడా దాన్ని చికిత్స అవసరమైన స్థితిగానే చూస్తుంది.

వాట్సాప్ గ్రూపులో మంచేమిటంటే అది తెలుగులో ఉంటుంది, రాత్రి రెండింటికి కూడా ఎవరో ఒకరు మేలుకుని ఉంటారు. పుట్టింట్లో దుప్పటి కప్పుకుని కూడా మాట్లాడుకోవచ్చు. బయటికి పంపని అత్తగారిళ్ళలో ఉన్నవాళ్ళకి ఇదొక్కటే దారి. అయినా నేను దీన్ని చివరనే పెడతాను. ఒకసారి పాలు ఆగడానికి డాక్టర్ తనకి రాసిన టాబ్లెట్ పేరు ఒకామె ఫొటో తీసి పెట్టింది. ఇంకొకామె మెడికల్ షాపులో కొనబోయింది. ఆమెకి గర్భంతో ఉన్నప్పుడు బీపీ బాగా పెరిగింది. బీపీ ఉన్నవాళ్ళకి ఆ మందు ప్రమాదం. ఎవరో చూసి ఆపారు కాబట్టి సరిపోయింది. మందుల సంగతి పక్కనపెట్టినా, పొద్దున్నే ఫోన్ తీస్తే ఎవరిదో ప్రెగ్నెన్సీ టెస్ట్ ఫొటో ఉంటుంది. ఆమె సంతోషంలో తప్పు లేదు, నిన్న బిడ్డను పూడ్చిపెట్టి వచ్చిన మనిషి అది చూడకూడదు, అంతే. చేరితే అడ్మిన్ గట్టిగా ఉన్న గ్రూప్‌లోనే చేరండి. మందుల పేర్లు పెట్టనివ్వకూడదు, మళ్ళీ గర్భం వచ్చినవాళ్ళకి వేరే గ్రూప్ ఉండాలి.

ఇక ఎదురెదురుగా కూర్చునే గ్రూప్. 1969లో ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో మొదలైన ఒక సంస్థ కథ ఇక్కడ చెప్పాలి. ఆసుపత్రిలో పిల్లల్ని పోగొట్టుకున్న రెండు కుటుంబాలు ఒకరినొకరు ఓదార్చుకున్నంతగా తాను ఓదార్చలేనని అక్కడ పనిచేసే ఒక చర్చి గురువు గమనించాడు. దాంతో అలాంటి తల్లిదండ్రులను ఒకచోట కూర్చోబెట్టాడు. ఇప్పటికీ ఏ సపోర్ట్ గ్రూప్‌లోనైనా జరిగేది అదే. ఎనిమిది పది మంది గుండ్రంగా కూర్చుంటారు. మాట్లాడాలనుకున్నవాళ్ళు మాట్లాడతారు, లేకపోతే లేదు. గంటన్నరకి ముగుస్తుంది. ముగియడం అన్నది చాలా పెద్ద విషయం, వాట్సాప్‌లో అది ఉండదు.

నేను చూసిన ఒక మీటింగ్‌లో ఒకామె కుంకుమ డబ్బా తీసి, అందులోంచి ఆసుపత్రిలో బిడ్డ కాలికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ బయటికి తీసింది. పక్కనున్నామె అడిగింది, 'ఎంత బరువు పుట్టాడు? ఎవరి పోలిక?' అని. పుట్టిన ప్రతి బిడ్డ గురించీ ఊరంతా అడిగే ప్రశ్నే అది. ఆమెని అంతవరకూ ఎవరూ అడగలేదు. కేజీ తొమ్మిదొందలు, ముక్కు మామగారిది అని చెప్పింది. తర్వాత చాలాసేపు చెప్పింది.

పనికొచ్చే సమాచారం కూడా అక్కడే దొరుకుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే అమ్మాయికి ఏడో నెలాఖరులో బిడ్డ ప్రాణం లేకుండా పుడితే, అబార్షన్ కింద లెక్కేసి సెలవు కోసేశారు. గ్రూప్‌లో ఇంకొకామె చట్టం చూపించింది. గర్భస్రావమైతే జీతంతో కూడిన సెలవు ఆరు వారాలు. కానీ 26 వారాలు దాటాక అయితే బిడ్డ ప్రాణంతో పుట్టకపోయినా చట్టం దాన్ని ప్రసవంగానే చూస్తుంది, కాబట్టి పూర్తి మెటర్నిటీ సెలవు వస్తుంది.

లోపాలున్నాయి. బెంగళూరు మీటింగుల్లో ఎక్కువగా నడిచేది ఇంగ్లీషు. మదనపల్లె నుంచి వచ్చిన ఒకామె ఒక మీటింగంతా తల దించుకునే కూర్చుంది. తర్వాతిసారి పక్కనున్నామె, 'అక్కా, నువ్వు తెలుగులోనే చెప్పు, వీళ్ళకి నేను చెబుతాను' అన్నాకే మొదలుపెట్టింది. దూరం కూడా తక్కువేం కాదు. కుట్లు పచ్చిగా ఉన్న మనిషి వైట్‌ఫీల్డ్ నుంచి జయనగర్‌కి సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చోవడం అయ్యే పని కాదు. నెలన్నర ఆగమని నేననడానికి అదీ ఒక కారణం. మగవాళ్ళు ఆడవాళ్ళ మధ్య నోరు విప్పరు, టీ దగ్గర నిలబడినప్పుడు మాట్లాడతారు. మగవాళ్ళకి వేరే రోజు పెట్టే గ్రూప్ దొరికితే వదలకండి. భార్యాభర్తలిద్దరూ ఒకే చోటికి వెళ్ళాలన్న పట్టింపు అక్కర్లేదు.

చేరేముందు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి. మీటింగ్ నడిపేది ఎవరు, రెండో నెలలో పోయినవాళ్ళనీ పుట్టాక పోయినవాళ్ళనీ కలిపే కూర్చోబెడతారా, అక్కడ చెప్పింది బయటికి పోకుండా ఏం చేస్తారు. రెండు మూడుసార్లు వెళ్ళినా ప్రతిసారీ ఇంకా కుంగిపోయి ఇంటికొస్తుంటే మానేయండి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఏటా అక్టోబర్ 15న ఇలా పోయిన బిడ్డల జ్ఞాపకార్థం పెద్ద కార్యక్రమాలు జరుగుతాయి. మొదటిసారి వెళ్ళడానికి ఆ రోజు పెట్టుకోకండి, జనం ఎక్కువ, ఏడుపూ ఎక్కువ. మామూలు నెల మీటింగ్‌కి వెళ్ళి తలుపు పక్కన కుర్చీ తీసుకోండి. మధ్యలో లేచి వెళ్ళిపోయినా అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు.