మిర్కా నాలుగు కాళ్లు: ‘డాక్టర్ హూ’ వింతజీవులపై ఒక సమీక్ష

బీబీసీలో 1963 నవంబర్ 23న మొదలైన ‘డాక్టర్ హూ’ అనే సైన్స్ ఫిక్షన్ టీవీ ధారావాహిక 1989 దాకా సాగి ఆగిపోయింది. 2005లో మళ్లీ ప్రాణం పోసుకుంది. ఆ మొదటి విడత కథలు ముందు డీవీడీలుగానూ, 2018 నుంచి సీజన్ల వారీగా బ్లూరే పెట్టెలుగానూ వస్తున్నాయి. కాలంలో ఎటు కావాలంటే అటు ప్రయాణించే ఆ డాక్టరు కథలు ఎంత బాగుంటాయో చాలామంది రాశారు కాబట్టి, ఆ కథల్లో ఎదురయ్యే వింతజీవుల తయారీని, అందులోనూ చెడిన తయారీని మాత్రమే ఇక్కడ పరిశీలిస్తాను. డిస్కుల మీద బొమ్మ ఎంత తేటపడిందో ఆ జీవుల కుట్లూ అతుకులూ అంత స్పష్టంగా బయటపడ్డాయి.

అపకీర్తిలో అగ్రస్థానం ‘వారియర్స్ ఆఫ్ ది డీప్’ (1984) లోని మిర్కాదే. కథ 2084లో, సముద్రగర్భంలోని ఒక సైనిక స్థావరంలో జరుగుతుంది. రెండు అగ్రకూటములు అణ్వాయుధాలతో ఎదురెదురుగా నిలిచి ఉండగా, మనుషులకంటే ముందు భూమిని ఏలిన సరీసృప జాతులు ఆ స్థావరం మీదికి మిర్కా అనే జలరాక్షసిని తోలుతాయి. చదివితే వెన్నులో చలి పుట్టవలసిన ఘట్టం ఇది. తెర మీద మాత్రం, ఆకుపచ్చ తొడుగులో ముందొకరు వెనకొకరుగా దూరిన ఇద్దరు మనుషులు, ఒకరి అడుగుతో ఒకరు అడుగు కలపలేక, ధగధగలాడే నడవలో తూలుతూ వస్తారు. ఆ ఇద్దరూ ‘రెంటాగోస్ట్’ అనే పిల్లల హాస్య ధారావాహికలో బట్టగుర్రాన్ని ఆడించినవారే కావడం వల్ల, మిర్కా ఎంత ప్రయత్నించినా ఆ గుర్రపు నడక వదులుకోలేకపోయింది. స్థావరం తలుపు విరిగి, డాక్టరుతో పాటు ప్రయాణించే టీగన్ అనే అమ్మాయి మీద పడినప్పుడు ఆమె దాని కింద విలవిలలాడుతుంది గానీ, ఆ తలుపు థర్మోకోల్ పలకంత తేలికైనదని చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. అంతలో ఇంగ్రిడ్ పిట్ పోషించిన డాక్టర్ సోలో పాత్ర మిర్కా మీదికి కరాటే పట్టు పట్టి కాలు విసురుతుంది. మా పదేళ్ల అమ్మాయి భయపడకపోగా, “నాన్నా, వెనకాయన పాపం ఏమీ కనబడకుండానే నడుస్తున్నాడు” అని జాలిపడింది.

తయారుచేసినవారి పక్షాన చెప్పవలసినది కొంత ఉంది. 1983 సాధారణ ఎన్నికల కారణంగా స్టూడియో తేదీలు ముందుకు జరిగి, సన్నాహాలకు ఉండవలసిన రోజులు కరిగిపోయాయి. చిత్రీకరణ వేళకు తొడుగు మీది రంగు కూడా ఆరలేదు. ఇంతవరకు క్షమించవచ్చు. క్షమించలేనిది వెలుతురు. రచయిత జానీ బర్న్ చీకటి గుయ్యారంలాంటి పాతబడిన స్థావరాన్ని ఊహిస్తే, స్టూడియోలో ఆపరేషన్ గదికి పెట్టినట్టు మూలమూలకూ దీపాలు వెలిగించారు. సగం దీపాలు ఆర్పేసి, మిర్కా తలను మాత్రమే రెండు క్షణాలు చూపించి, మిగతాదంతా చప్పుడుకు వదిలేసి ఉంటే అదే తొడుగు గౌరవంగా బతికేది. కథలో దాన్ని చివరికి చంపేది అతినీలలోహిత కాంతి. స్టూడియో దీపాలు ఆ పని ముందే సగం చేసిపెట్టాయి.

లోపలి మనిషిని దాచలేకపోవడమే ఈ ధారావాహికకు మొదటినుంచీ ఉన్న జబ్బు. ‘ది వెబ్ ప్లానెట్’ (1965) కథలో జార్బీలనే చీమలు వస్తాయి. మనిషంత చీమ అన్న ఆలోచన బాగానే ఉంది, కానీ గట్టి పెంకులాంటి చీమ ఒంటిని నటుడి వీపుకు తగిలించి, అతని సొంత కాళ్లనే చీమ వెనక కాళ్లుగా చూపించడంతో, రెండు కాళ్ల మీద నిటారుగా పరుగెత్తే చీమ తయారైంది. ఒకచోట ఒక జార్బీ వేగం ఆపుకోలేక వచ్చి నేరుగా కెమెరాకు గుద్దుకుంటుంది. ఆ రోజుల్లో ఎపిసోడ్లను దాదాపు నాటకంలా ఆపకుండా రికార్డు చేసేవారు కాబట్టి ఆ గుద్దు అలాగే ప్రసారమైపోయింది. ఆరు ఎపిసోడ్ల ఈ కథను ఒకే బిగిన కూర్చుని చూడవద్దని నా సలహా.

దీనికి ముందే, 1963లో, ఇదే సంస్థలో, ఇంతే తక్కువ డబ్బుతో, డాలెక్ అనే శత్రుజీవి పుట్టిందన్న సంగతి గుర్తుంచుకోవాలి. రూపకర్త రేమండ్ క్యూసిక్ మనిషి ఆకారాన్ని పూర్తిగా చెరిపేశాడు. లోపల నటుడు కూర్చుని కాళ్లతో తోసుకుంటూ పోతాడు, పైకి కాళ్లూ లేవు, ముఖమూ లేదు. చేయి ఉండవలసిన చోట సింకు తూము పొడిచే రబ్బరు గిన్నె ఉంటుంది. వివరించి చెబితే నవ్వొచ్చే ఈ వస్తువు నేల మీద జారుకుంటూ వస్తుంటే నవ్వు రాదు, ఎందుకంటే అందులో మనిషిని వెదకడానికి కంటికి ఆనవాలే దొరకదు.

డబ్బుంటే ఈ బాధ తీరుతుందా అంటే, 2010 నాటి ‘విక్టరీ ఆఫ్ ది డాలెక్స్’ అందుకు జవాబు. ఎరుపు, నారింజ, పసుపు, నీలం, తెలుపు రంగుల్లో, పాతవాటికంటే ఎత్తుగా, వీపు ఉబ్బిన కొత్త డాలెక్‌లను గొప్పగా ప్రవేశపెట్టారు. పనితనంలో వంక లేదు, అతుకులు లేవు, కానీ బొమ్మల దుకాణం అద్దాల బీరువాలోంచి దిగివచ్చినట్టు ఉన్నాయి. 2012 నాటికి పాత కంచురంగు డాలెక్‌లు మళ్లీ ముందు వరుసలోకి వచ్చాయి.

తయారీ చౌకగా ఉన్నా నిలబడిన ఘట్టాలు లేకపోలేదు. ‘ది ఆర్క్ ఇన్ స్పేస్’ (1975) లో నోవా అనే నాయకుడి చేయి క్రమంగా పురుగు చేయిగా మారుతుంది. దానికి వాడినది గాజు సామాన్ల పార్శిల్‌కు చుట్టే బుడగల ప్లాస్టిక్, పైన ఆకుపచ్చ రంగు. అప్పట్లో ఇంగ్లండులో అది ఇంటింటికీ తెలిసిన వస్తువు కాదు. ఇవాళ ఆన్‌లైన్‌లో కప్పులు కొన్న ప్రతివారూ దాన్ని గుర్తుపడతారు. అయినా ఆ నటుడు తన చేతిని తానే నమ్మలేనట్టు చూసుకునే తీరు చూశాక, బుడగలను పేల్చాలన్న కోరిక నాకు కలగలేదు.

‘ది టాలన్స్ ఆఫ్ వెంగ్-చియాంగ్’ (1977) గురించి ఒక మాట. విక్టోరియా కాలపు లండన్ పొగమంచు, నాటకశాల, నేల కింది మురుగు కాలువలు, రాబర్ట్ హోమ్స్ సంభాషణలు, అన్నీ అద్భుతంగా కుదిరాయి. తీరా ఆ కాలువలోంచి బయటికొచ్చే భయంకర జీవి మెత్తటి బొచ్చు ఎలుక. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. అయితే అక్కడ నిజంగా చూడలేనిది ఎలుక కాదు, తెల్ల నటుడికి రంగు పూసి చైనా మాంత్రికుడిగా నిలబెట్టిన పద్ధతి. ఎలుకను వెక్కిరించేవారు దాని ఊసెత్తకపోవడం నాకు వింతగా ఉంటుంది.

చివరికి మిగిలింది ‘కిండా’ (1982), నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ, నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన పాము. రచయిత క్రిస్టఫర్ బెయిలీ బౌద్ధం నుంచి పేర్లు తెచ్చుకున్నాడు: మనుషుల మనసుల్లోకి దూరే దుష్టశక్తి పేరు మార, అడవి జాతి వివేకవంతురాలు పన్న, అంటే పాళీలో ప్రజ్ఞ, ఆమె శిష్యురాలు కరుణ, టీగన్ కలలో వేధించేవారు దుక్ఖ, అనత్త, అనిచ్చ. అమరావతి శిల్పాల్లో మారుడి దండయాత్రను చూసిన మనకు ఈ పేర్లు పరిచయం చేయనక్కర్లేదు. మూడు ఎపిసోడ్ల పాటు మార చేతి మీద పాకే పచ్చబొట్టుగా, ఇతరుల నోట పలికే గొంతుగా మాత్రమే ఉండి వణికిస్తుంది. ముగింపులో దాన్ని అద్దాల వలయంలో బంధిస్తారు, తన ప్రతిబింబాన్ని తానే భరించలేదు కనుక. అంత లోతైన ఆలోచన తర్వాత ఆ వలయం మధ్య పైకి లేచేది గులాబీ, ఎరుపు రంగులు పూసిన రబ్బరు గొట్టం. వేదాంతంలో తాడును చూసి పామనుకుంటారు. ఇక్కడ పామును చూసి గొట్టమనుకోవలసి వచ్చింది.

2011 డీవీడీలో దీనికి పరిహారంగా కంప్యూటర్ గ్రాఫిక్స్ పాము ఐచ్ఛికంగా ఇచ్చారు. మెనూలో ఎంచుకుంటే పాతదాని స్థానంలో కొత్తది కనిపిస్తుంది. రెండూ వరసగా చూశాను. కొత్తది నున్నగా కదులుతుంది, కోరలు కూడా బాగున్నాయి, కానీ అద్దాల మధ్య నిలబడిన ఆ నటుల గదిలో అది లేదు, వారి మీద పడిన దీపాల వెలుగు దాని మీద పడలేదు. మరోసారి చూసినప్పుడు ఆ ఐచ్ఛికాన్ని ఆపేసి, రబ్బరు పామునే పెట్టుకున్నాను.