పాత టర్న్‌టేబులా, సూట్‌కేస్ ప్లేయరా?

చెన్నైలో ఉంటూ, అటక మీది ఎల్పీలు (పాత గ్రామఫోన్ రికార్డులు) మళ్ళీ వినాలనుకుంటే తక్కువ ఖర్చులో కనిపించేవి ఈ రెండే. సూట్‌కేస్ ప్లేయర్‌కి ప్లగ్గు పెడితే చాలు, స్పీకర్లూ అందులోనే, కానీ చాలావాటిలో ఉండేది సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లుని పట్టుకుని దాని కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం), ముల్లు 5, 6 గ్రాముల బరువుతో గాడిని నొక్కుతుంది. మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు చాలు. పాత టర్న్‌టేబులైతే సాగిన బెల్టూ అరిగిన ముల్లూ మార్చాలి, ఫోనో ప్రీయాంప్ (కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టె) విడిగా కొనాలి, ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌లో నాలుగు కొట్లు ఎక్కి దిగాలి. అయినా నా ఓటు దానికే.

ఒక్కటి మాత్రం చూసుకోండి: అమెరికా నుంచి తెచ్చిన 60 హెర్ట్జ్ ఏసీ సింక్రనస్ మోటారుదైతే (కరెంటు హెర్ట్జ్‌ని బట్టే తిరిగే మోటారు), మన 50 హెర్ట్జ్ కరెంటుకి నిమిషానికి 33 చుట్ల స్పీడు కాస్తా 28 దగ్గరికి పడిపోయి పాట నీరసంగా సాగుతుంది, వోల్టేజి కన్వర్టర్ పెట్టినా హెర్ట్జ్ మారదు కాబట్టి లాభం లేదు. 78 స్పీడు లక్క రికార్డులుంటే ఎందులోనైనా ముల్లు వేరే కావాలి.