మిద్దె ఉరుపు, పెచ్చులు, రేకులు: నెల్లూరులో ఎవరి పని నిలబడింది

నెల్లూరులో మిద్దెకు అసలు పరీక్ష జూన్, జులైలో రాదు. చిత్త, స్వాతి కార్తెల్లో అల్పపీడనం పట్టి, రెండు మూడు రోజులు తెరిపి లేకుండా కొట్టే వానే పరీక్ష. 2021 నవంబరు వానలనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానునూ దాటిన మరమ్మతుల గురించి ఇప్పుడు ధైర్యంగా చెప్పవచ్చు. ఊళ్లో దొరికే మూడు రకాల పనివాళ్లనూ మా ఇంటికి పిలిపించుకున్నాం: బేల్దారి (తాపీ పని) ముఠా, పెయింటు షాపు ద్వారా వచ్చే వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టరు, రేకులు వేసే వెల్డింగ్ షాపు. బేల్దారి చేత వాటం (నీళ్లు తూము వైపు పోయే వాలు) సరిచేయించి, ఆ మీద నీళ్లు దిగని కోటింగు కొట్టించిన భాగం ఇప్పటికీ చుక్క కారలేదు. నేరుగా కోటింగు ఒక్కటే కొట్టించిన భాగం రెండో వానాకాలానికే లేచిపోయింది. డబ్బా మాత్రం రెండు చోట్లా ఒకే కంపెనీది.

కోటింగు వాళ్లు వచ్చి టేపు పట్టి కొలుస్తారు, చదరపు అడుగు లెక్కన రేటు చెప్తారు, రెండు మూడు రోజుల్లో ముగించి వెళ్తారు. తెల్ల కోటింగు వల్ల వేసవిలో కింది గదికి వేడి కొంత తగ్గే మాట నిజమే. కానీ లేచిన బుడగను బ్లేడుతో కోసి, పొరను తిరగేసి చూడండి. పొర అడుగున సిమెంటు పొడి, ఇసుక అంటుకుని వస్తే పాత ప్లాస్టరింగు పైభాగం పొడిబారి ఉన్నా గీకకుండా కొట్టేశారని అర్థం. అడుగు నున్నగా ఉండి లోపల నీళ్లుంటే చెమ్మ ఆరకముందే పైన మూసేశారన్నమాట. ఎండకు ఆ చెమ్మ ఆవిరై పైకి తోస్తుంది, పొర ఉబ్బుతుంది, ఎవరిదో కాలు పడి చిరుగుతుంది. ఇక వాన నీళ్లు ఆ చిరుగులోంచి దూరి పొర కిందే పాకుతూ పోతాయి. చిల్లు ఒకచోట, కింద కారేది ఇంకోచోట. అక్కడికి వచ్చాక అతుకులు వేయడం దండగ, మొత్తం గీకాల్సిందే.

చెమ్మ ఉందో లేదో తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. రెండడుగుల చదరంగా పాలిథిన్ కాగితం కోసి, మిద్దె మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి మర్నాటిదాకా వదిలేయాలి. కాగితం అడుగున నీటి బొట్లు కనిపిస్తే కోటింగు వాయిదా వేయాలి. ఈ పరీక్షకు అభ్యంతరం చెప్పే కాంట్రాక్టరును అక్కడే వదులుకోవడం మంచిది. పాచిని ఇనుప బ్రష్షుతో రుద్ది, కడిగి, బాగా ఆరనివ్వాలి. వెంట్రుక పగుళ్లు తప్ప మిగతా పగులు ప్రతిదాన్నీ ‘వి’ ఆకారంలో సుమారు అర అంగుళం లోతుకు కోసి, పాలిమర్ సిమెంటు మాలుతోగానీ పీయూ (పాలియురెథేన్) సీలెంటుతోగానీ నింపాలి. పగులు మీద ఊరికే పుట్టీ రాసి వదిలేస్తే, స్లాబు ఎండకు సాగి రాత్రికి ముడుచుకునేటప్పుడు మళ్లీ అదే గీత బయటికొస్తుంది. ప్రైమరు కోటులో నీళ్లు కలుపుతారు, అది పద్ధతే. మీదటి రెండు కోట్లలో మాత్రం డబ్బా మీద రాసినదానికి మించి ఒక్క చెంబు కూడా పోయనివ్వకూడదు. మొదటి కోటు తడిగా ఉండగానే ఫైబర్ మెష్ (సన్నటి వల) పరిచి అద్దాలి, రెండో కోటు మొదటిదానికి అడ్డంగా లాగాలి. మోసం జరిగేది లీటర్లలోనే కాబట్టి మిద్దె కొలతను డబ్బా మీది కవరేజీతో (లీటరు ఎన్ని చదరపు అడుగులకు వస్తుందో దానితో) భాగించి, ఎన్ని డబ్బాలు కావాలో ముందే రాసుకోండి. ఖాళీ డబ్బాలు సాయంత్రం మీ ఎదుట లెక్క తేలాలి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం కొడితే కోటింగు పట్టుకోకముందే పైన ఎండిపోతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదికల్లా ఆపే ముఠా పని తెలిసిన ముఠా.

ఇక బేల్దారి పని. మా అంచనాలో ఎక్కువ మార్కులు దీనికే, ఎందుకంటే ఉరుపుకు (మిద్దె కారడానికి) మూలం చాలా ఇళ్లలో వాటమే. పదడుగులకు కనీసం అంగుళం పావు వాలు ఉండాలి. ట్యూబు లెవలు (నీళ్లు నింపిన గొట్టం) పెట్టి చూస్తే చాలా మిద్దెల్లో తూము దగ్గరే ఎత్తుగా, నడిమధ్యలో పల్లంగా ఉంటుంది. వాన వెలిసిన మర్నాడు కూడా నీళ్లు నిలిచిన చోటల్లా సుద్దముక్కతో గీత గీసి పెట్టుకుంటే మేస్త్రీతో వాదన ఉండదు. సుత్తితో కొట్టి డొల్ల శబ్దం వచ్చిన పాత ప్లాస్టరింగంతా పెరికేయించాలి. పాతదాని మీదే కొత్త పొర వేస్తామంటే ఒప్పుకోవద్దు. అంగుళం మందం మాలు చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు బరువు. వెయ్యి అడుగుల మిద్దె మీద రెండంగుళాలు అదనంగా వేస్తే 10 టన్నులు నెత్తికెత్తినట్టే. సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు పాళ్ల మాలు, సిమెంటు బస్తాకు 200 మి.లీ. వాటర్‌ప్రూఫింగ్ ద్రవం, తూము దగ్గర ముప్పావు అంగుళానికి తగ్గని మందం. ఇంతవరకు మేస్త్రీలందరూ బాగానే చేస్తారు. ముఠాలు చెడగొట్టేది ఆ తర్వాత తడపడం దగ్గర. మర్నాడు వాళ్లు వేరే పనికి వెళ్లిపోతారు, మిద్దె ఎండలో పగుళ్లు తీస్తుంది. మట్టి గట్లు కట్టి ఏడు రోజులు నీళ్లు నిలపాలి. ఈ బాధ్యత ఎవరిదో కూలి మాట్లాడేటప్పుడే తేల్చుకోవాలి.

తూము గొట్టం చుట్టూ కారడం ఇంకో పెద్ద తంటా. పీవీసీ గొట్టానికి సిమెంటు పట్టదు. గొట్టం బయటివైపు గరుకు కాగితంతో రుద్ది, పీవీసీ గమ్ము రాసి, అది తడిగా ఉండగానే ముతక ఇసుక చల్లి ఆరనిస్తే అప్పుడు మాలు కరుచుకుంటుంది. ఆ తర్వాత కుంచించుకుపోని గ్రౌటు పోసి, అంచున సీలెంటు గీయాలి. ఇంత చిన్న పనిని మేస్త్రీల్లో సగం మంది చేయరు. చెప్పి దగ్గరుండి చేయించాలి. గొట్టం నాలుగంగుళాలది ఉండాలి, అదీ సుమారు 400 చదరపు అడుగులకు ఒకటి చొప్పున. రెండున్నర అంగుళాల గొట్టం ఒకటి పెట్టి మిద్దెంతా దానికి అప్పగించిన ఇళ్లలో తుపాను వానకు మిద్దె చెరువవుతుంది, నీళ్లు పిట్టగోడ మొదట్లోంచి దూరతాయి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో రెండంగుళాల గుండ్రటి గట్టు కట్టించి, కోటింగును గోడ మీదికి అడుగెత్తు ఎక్కించాలి. పిట్టగోడ తల మీద వాలు లోపలివైపు ఉండాలి. బయటికి ఉంటే వానకు మసి చారలన్నీ ముందు గోడ మీద దిగుతాయి.

ఇన్నీ చేయించాక సోలార్ పలకలకో ట్యాంకు స్టాండుకో మిద్దెకు బోల్టులు దిగ్గొడితే కష్టమంతా పోయినట్టే. కాళ్లను కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టమని సోలార్ వాళ్లను అడగండి. గాలికి ఎంత బరువు దిమ్మె కావాలో వాళ్లే లెక్క వేసి ఇవ్వాలి.

మూలాపేట, రంగనాయకులపేట లాంటి పాత పేటల్లో మిగిలిన దూలాల మిద్దెల (చెక్క దూలాల మీద సున్నంతో వేసినవాటి) సంగతి వేరు. సున్నపు మిద్దె మీద సిమెంటు పొర, కోటింగు రెండూ చేటే. చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, దూలాల చివర్లు గోడలోనే నానిపోతాయి. సున్నం పని తెలిసినవాళ్లు దొరికేదాకా ఆగడమే నయం, అలాంటివాళ్లు ఇప్పుడు అరుదు.

సన్‌షేడ్ల పెచ్చులు సముద్రం గాలి తగిలే మైపాడు, తుమ్మలపెంట వైపు మరీ ఎక్కువ. ఉప్పు వల్ల కంబి (కాంక్రీటు లోపలి ఇనుప చువ్వ) తుప్పు పడుతుంది, తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుని కాంక్రీటును బయటికి నెడుతుంది. ఊడినచోట మాలు పూసి సున్నం కొడితే ఏడాది తిరక్కుండా మళ్లీ రాలుతుంది, కింద పిల్లలు ఆడుకుంటుంటే ప్రమాదం కూడా. కంబి చుట్టూ, వెనక వేలు దూరేంత చోటు వచ్చేదాకా చెక్కాలి. ఇనుము మెరిసేదాకా బ్రష్షు పట్టాలి, జింకు ప్రైమరు కొట్టాలి, బాండు కోటు (పాత కాంక్రీటుకు కొత్త మాలు అంటుకునేలా పూసే పూత) తడి ఆరకముందే పాలిమర్ మాలు ఎక్కించాలి. అదీ ఒకేసారి కాదు, అర అంగుళం చొప్పున పొరలుగా. కంబి మందం కంటికి కనిపించేంత తగ్గిపోయి ఉంటే మేస్త్రీ మాట చాలదు, ఇంజనీరు వచ్చి చూడాలి. ఈ పనిలో కాంట్రాక్టరు మనుషులే మేలనిపించారు, సామాను వాళ్ల దగ్గర ఉంటుంది, తూకం తప్పరు.

రేకుల వాళ్లది తొందర పని, కానీ తప్పులు కళ్లకు కనిపిస్తాయి. సిమెంటు రేకుకు రంధ్రం మిట్ట మీద పెట్టాలి, పల్లంలో పెడితే నీళ్లు నేరుగా లోపలికే. జే బోల్టు కింద తారు వాషరు, దాని మీద ఇనుప వాషరు. మరీ బిగిస్తే రేకు చిట్లుతుంది. పై వరస రేకు కింది వరస రేకు మీదికి వచ్చే అతుకు ఆరంగుళాలకు తగ్గకూడదు. సిమెంటు రేకును గ్రైండరుతో కోయనివ్వకండి, ఆ దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉంటే ఊపిరితిత్తులకు హాని. తడిపి చేతి రంపంతో కోయమనండి. ఇనుప రేకుల్లో ముందు పోయేది స్క్రూ కింది రబ్బరు వాషరే, ఎండకు పగిలిపోతుంది. చూరు, కొప్పు వరసల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించాలి, తుపాను గాలి మొదట పట్టుకుని లేపేది ఆ అంచులనే.

గ్యారంటీ కార్డు ఇచ్చినప్పుడు చదవండి. చాలావాటిలో హామీ సామానుకే ఉంటుంది, కూలికి ఉండదు. స్లాబు పగుళ్ల వల్ల కారితే వర్తించదనీ రాసి ఉంటుంది. దానికన్నా బాకీ ఆపుకోవడమే పనిచేస్తుంది. ఆర్‌సీసీ మిద్దె అయితే తూములు మూసి, రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలిపి, కింద గదుల్లో సీలింగు చూసుకున్నాక సగం, మొదటి పెద్ద వాన తర్వాత మిగతాది ఇస్తామని ముందే కాగితం మీద రాసుకోవాలి. చదరపు అడుగుల లెక్కలో పిట్టగోడ లోపలి ముఖం కలిపారా లేదా అన్నదీ ఆ కాగితంలోనే ఉండాలి, చివర్లో గొడవలన్నీ దాని మీదే. సంక్రాంతి వెళ్లగానే మనిషిని పిలవండి. దసరా దగ్గరపడ్డాక మంచి బేల్దారి దొరకడు, దొరికినా ఆరడానికి ఎండ ఉండదు.